పక్క చర్చిలో కరిగిన మనసు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం గురించి. సొంత సంఘంలో చల్లబడిన విశ్వాసం వేరే సంఘం ఆరాధనకు వెళ్లినప్పుడు మళ్లీ రాజుకుంది, ఇప్పుడేం చేయాలి అని అడిగారు. ఇంకా వెళ్లనివాళ్లు ఎలా వెళ్లాలని అడిగారు. పేర్లు తీసేసి, ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పుట్టినప్పటి నుంచీ ఒకే సంఘం. కొన్నేళ్లుగా ఆరాధనలో కూర్చున్నా మనసు కదలడం లేదు. స్నేహితురాలు పిలిస్తే వాళ్ల చర్చికి వెళ్లాను. అందరూ కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతుంటే ఏడుపు ఆగలేదు. మా చర్చిలోనూ దాదాపు అదే ఒప్పుకోలు ప్రతి వారం చదువుతాం. ఇది దేవుడు చేసిన పనా, కొత్తదనం చేసిన మాయా?

జవాబు: కొత్తదనం కూడా పని చేసి ఉంటుంది. అంతమాత్రాన అది దేవుని పని కాకుండా పోదు. కంఠతా వచ్చిన ప్రార్థనలో తర్వాతి మాట ఏమిటో నాలుకకే తెలుసు. నోరు ముందు పోతుంది, మనసు వెనకబడుతుంది. దానికి తోడు సొంత చర్చిలో మైకు గొడవ, కానుకల లెక్క, పోయిన కమిటీ మీటింగులో ఎవరు ఏమన్నారో కళ్ల ముందు కూర్చుని ఉంటాయి. కొత్త చోట ఇవేవీ లేవు. పైగా ఒప్పుకోలులో రెండు మూడు మాటలు తేడాగా ఉంటాయి కాబట్టి పుస్తకం చూసి చదవాల్సి వచ్చింది. చూసి చదివిన మాట లోపలికి దిగింది.

దీనికి చరిత్రలో అందరికీ తెలిసిన ఉదాహరణ జాన్ వెస్లీ. ఆయన ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు సంఘపు గురువు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటానికి ఇష్టం లేకుండానే వెళ్లాడు. మొరేవియన్లు అనే ప్రొటెస్టంట్ శాఖవారి ప్రభావం ఉన్న కూటమది. అక్కడ పెద్ద సంగీతమేమీ లేదు. బైబిల్లోని రోమా పత్రికకు సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాటను ఒకరు చదువుతున్నారు, అంతే. తొమ్మిదికి పావుగంట ముందు తన గుండె వింతగా వెచ్చబడిందని ఆయన దినచర్యలో రాసుకున్నాడు. జనం ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. అదే రోజు మధ్యాహ్నం ఆయన తన సొంత సంఘానికి చెందిన సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో 130వ కీర్తన పాడగా విన్నాడు. ‘అగాధ స్థలములలోనుండి’ అని మొదలయ్యే కీర్తన. దాన్నీ దినచర్యలో రాశాడు. అంటే సాయంత్రం కూటంలో జరిగినదానికి మధ్యాహ్నం సొంత చర్చిలో దుక్కి దున్ని ఉంది. మీ విషయంలోనూ ఇన్నేళ్ల ఒప్పుకోలు వృథా పోలేదు. అదంతా లోపల పేరుకుని ఉండబట్టే అక్కడ కరిగింది.

ఇంకొక సంగతి. ఏడు నెలలు తిరగ్గానే, 1739 జనవరి 4న, తాను క్రైస్తవుణ్ణి కానని అదే వెస్లీ రాసుకున్నాడు. వెచ్చదనం తగ్గుతుంది. మీకూ తగ్గుతుంది. తగ్గింది కాబట్టి అది అబద్ధమని అనుకోకండి.

కన్నీళ్లను కొలవడానికి పనికొచ్చే పద్ధతి ఒకటి ఉంది. ఆ రాత్రే మూడు వాక్యాలు రాసిపెట్టుకోండి: ఏ మాట దగ్గర మనసు కదిలింది, అప్పుడు ఏ మనిషి లేక ఏ పని గుర్తొచ్చింది, దాని గురించి ఏం చేయాలనిపించింది. రెండు రోజులాగి, వారం మధ్యలో, సంగీతం పెట్టుకోకుండా ఒంటరిగా కూర్చుని ఆ ఒప్పుకోలునే మెల్లగా చదవండి. గుర్తొచ్చిన మనిషి ఇంకా గుర్తొస్తుంటే మత్తయి 5:23, 24 తీయండి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్న మాట అది. వెళ్లి సమాధానపడితే ఆ ఏడుపు పంటకొచ్చినట్టు. రాసుకున్న మూడో వాక్యం ఖాళీగా మిగిలి, ఆ పాట మళ్లీ వినాలన్న కోరిక ఒక్కటే ఉంటే, అది తప్పేమీ కాదు గానీ ఇంకా మొలక దశే.

ప్రశ్న: వేరే శాఖవారి ఆరాధనకు ఒకసారి వెళ్లి చూడాలని ఉంది. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు లేవాలి, ఏం చేయకూడదు? తప్పు చేస్తానేమోనన్న భయంతోనే ఆగిపోయాను.

జవాబు: ముందు ఆదివారాన్ని ఎంచుకోండి. క్రిస్మస్, మట్టల ఆదివారం, ఈస్టర్ వద్దు. ఆ రోజుల్లో కనిపించేది ఆ సంఘం రోజువారీ ముఖం కాదు. ఏ పండుగా లేని ఆదివారం వెళ్లండి. ముందుగా ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: ఏ భాషలో జరుగుతుంది, ఎంతసేపు పడుతుంది, ఆ రోజు ప్రభు భోజనం ఉందా. కతోలిక ఆదివారపు పూజ సాధారణంగా గంట. ఆర్థడాక్స్ ఆరాధన గంటన్నర నుంచి రెండు గంటలు, అందులో ఎక్కువ భాగం నిలబడే. పెంతెకొస్తు ఆరాధన రెండు గంటలు దాటడం మామూలే, అందులో స్తుతి పాటలకే అరగంట నుంచి ముప్పావుగంట పోతుంది. వ్యవధి తెలియకుండా వెళ్లినవాళ్లు సగం నుంచి గడియారం చూడటం మొదలుపెడతారు. అక్కడితో ఆరాధన అయిపోయినట్టే.

రెండోది, పాఠాలు ముందే చదవండి. కతోలికులు, ఆంగ్లికన్లు, లూథరన్లు, మెథడిస్టుల్లో చాలామంది ఏ ఆదివారం ఏ బైబిలు భాగం చదవాలో చెప్పే మూడేళ్ల పాఠాల పట్టిక వాడతారు. ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహాను ముఖ్యంగా ఈస్టర్ కాలంలో వస్తుంది. ప్రొటెస్టంట్ సంఘాలు వాడే 1992 నాటి పట్టిక 1969లో కతోలికులు తెచ్చిన పట్టిక నుంచే పుట్టింది కాబట్టి సువార్త పాఠం చాలా ఆదివారాల్లో రెండు చోట్లా ఒకటే. శనివారం రాత్రి ఆ పాఠాన్ని రెండుసార్లు చదువుకుని వెళ్తే తెలియని తంతు మధ్యలో తెలిసిన మనిషి కనబడినట్టుంటుంది.

చిట్టచివరి వరుసలో కూర్చోకండి. భయపడేవాళ్లంతా అక్కడే కూర్చుంటారు, అక్కడే తికమకపడతారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని తిరిగేవాళ్లు ఉండేది అక్కడే. వెనక నుంచి మూడో నాలుగో వరుసలో చివరి కుర్చీ మంచిది. ముందున్నవాళ్లు లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. మోకరించడం, సిలువ గుర్తు వేసుకోవడం మీ మీద బలవంతం కాదు. వేసుకోవాలనుకుంటే మాత్రం తేడా తెలిసి ఉండాలి. కతోలికులు సాధారణంగా ఎడమ భుజం నుంచి కుడికి, గ్రీకు, రష్యన్ వంటి ఆర్థడాక్స్ వారు కుడి నుంచి ఎడమకు వేసుకుంటారు.

కొత్తవాళ్లు పట్టుబడే చోట్లు రెండున్నాయి. ఒకటి ప్రభువు ప్రార్థన. కతోలిక పూజలో ‘కీడునుండి రక్షించు’ అన్న భాగంతో అందరూ ఆగుతారు. గురువు ఒక చిన్న ప్రార్థన చెప్పాక ‘రాజ్యము, బలము, మహిమ’ అన్న భాగం వస్తుంది. ప్రొటెస్టంట్ అలవాటు ఉన్నవాళ్లు ఆగకుండా చెప్పేసి, నిశ్శబ్దంలో తమ గొంతు ఒక్కటే విని ఉలిక్కిపడతారు. రెండోది నైసియా విశ్వాస ప్రమాణం, అంటే ఏం నమ్ముతున్నామో అందరూ కలిసి చెప్పే పురాతన పాఠం. పాశ్చాత్య సంఘాల్లో పరిశుద్ధాత్మ తండ్రి నుంచీ ‘కుమారుని నుంచీ’ బయలుదేరుతాడని చెబుతారు. ఆర్థడాక్స్ వారి ప్రమాణంలో ఆ ‘కుమారుని నుంచీ’ ఉండదు. ఎందుకంటే 381 నాటి పాఠంలో అది లేదు, పడమటివారు తర్వాత చేర్చారు. చిన్న మాటే, కానీ తూర్పు పడమరలు విడిపోవడానికి చెప్పే కారణాల్లో అదీ ఒకటి. అక్కడ గట్టిగా చెప్పకండి.

కానుక సంచి వస్తే వేయకుండా పక్కవారికి అందించవచ్చు. అతిథి వేయాలన్న నియమం ఎక్కడా లేదు. ‘కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి’ అన్నప్పుడు లేవడం ఇష్టం లేకపోతే నవ్వుతూ తల అడ్డంగా ఊపితే చాలు. వీడియో తీయకండి. అన్నిటికన్నా పెద్ద తప్పు తనిఖీ అధికారిలా కూర్చుని మా చర్చిలో ఇలా, వీళ్లు ఇలా అని మనసులో పట్టిక వేసుకోవడం.

ప్రాచీన సంఘపు గురువు అగస్టీను కాలంలో మిలానులో శనివారం ఉపవాసం ఉండేవారు కాదు, రోములో ఉండేవారు. ఏది పాటించాలని తన తల్లి సతమతమైతే, ఏ సంఘానికి వెళ్తే ఆ సంఘం అలవాటు పాటించమని మిలాను బిషప్ అంబ్రోసు చెప్పినట్టు ఆయన ఒక లేఖలో రాశాడు. పదహారు వందల ఏళ్లయినా అతిథికి ఇంతకన్నా మంచి నియమం ఎవరూ చెప్పలేదు.

ఇంకొక్క మాట. మూడు చర్చిలకు ఒక్కోసారి వెళ్లే బదులు ఒకే చర్చికి మూడుసార్లు వెళ్లండి. మొదటిసారి కళ్లు పని చేస్తాయి, రెండోసారి క్రమం అర్థమవుతుంది, మూడోసారికి గానీ ప్రార్థన చేసే తీరిక దొరకదు.

ప్రశ్న: అక్కడ ప్రభు బల్లలో పాలుపొందవచ్చా?

జవాబు: మీ మనసును అడిగి తేల్చుకునే విషయం కాదిది. బల్ల వాళ్లది, నియమం వాళ్లే చెప్పాలి. కతోలిక శ్రీసభలో సత్ప్రసాదం (ప్రభు బల్లకు వాళ్ల మాట) మామూలుగా కతోలికులకే. ప్రాణాపాయం వంటి సందర్భాల్లో ఇతరులకు ఇవ్వడానికి 1983 నాటి శ్రీసభ చట్టంలోని 844వ నియమం కొన్ని షరతులు పెట్టింది. ఆదివారం ఊరికే వచ్చిన అతిథికి అవి వర్తించవు. ఆర్థడాక్స్ వారిలో నియమం ఇంకా బిగువు. తమ సంఘ సభ్యులైనా ఉపవాసంతో, ఒప్పుకోలుతో సిద్ధపడి రావాలి. అయితే ఆరాధన చివర ఆశీర్వదించిన రొట్టె ముక్కలు పంచుతారు. అది సత్ప్రసాదం కాదు, చాలాచోట్ల అతిథులకూ ఇస్తారు, తీసుకోవచ్చు. మెథడిస్టులు సాధారణంగా అందర్నీ ఆహ్వానిస్తారు. ఇంగ్లండు సంఘం త్రిత్వ విశ్వాసంలో బాప్తిస్మం పొంది, తాము వచ్చిన సంఘంలో బల్ల తీసుకునేవారిని ఆహ్వానిస్తుంది. కొన్ని బ్రదరెన్ సంఘాలు మీ సంఘం నుంచి పరిచయ పత్రం అడుగుతాయి. బాప్తిస్టుల్లో ఒక్కో సంఘానిది ఒక్కో తీరు. మౌనంగా ఆరాధించే క్వేకర్లకూ రక్షణ సైన్యానికీ (సాల్వేషన్ ఆర్మీ) అసలు ఈ సంస్కారమే లేదు.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. మీరు కతోలికులైతే ప్రొటెస్టంట్ బల్ల తీసుకోవడానికి మీ శ్రీసభ ఒప్పుకోదు. వారి ఆరాధనకు వెళ్లినంత మాత్రాన ఆదివారపు పూజ బాధ్యత తీరదు కూడా. శనివారం సాయంత్రపు పూజకో, ఆదివారం వేరే వేళకో వెళ్లాలి.

అందరూ లేచి ముందుకు వెళ్తుంటే మీరొక్కరే కూర్చోవడం కష్టంగానే ఉంటుంది. ఆ కష్టాన్ని దాటేయడానికి లేచి వెళ్లకండి. సంఘాలు చీలి ఉన్నాయన్న సంగతి పుస్తకంలో చదివితే తెలియదు, ఆ ఐదు నిమిషాల్లో ఒంటికి తెలుస్తుంది. ఆ సమయంలో యోహాను 17:21 చదువుకోవచ్చు. తన వాళ్లంతా ఏకమై ఉండాలని యేసు చేసిన ప్రార్థన అది.

ప్రశ్న: ఒక ఆర్థడాక్స్ చర్చికి వెళ్తే పటాలకు ముద్దులు, ధూపం. ఇంకో చోట అందరూ ఒకేసారి అన్యభాషలు, అంటే ఆత్మ ప్రేరణతో వస్తాయనే తెలియని మాటలు. రెండు చోట్లా నాకు భయమే వేసింది. విశ్వాసం బలపడాలని వెళ్తే ఇలా అయిందేమిటి?

జవాబు: పటాల సంగతి ముందు. 787లో జరిగిన రెండో నైసియా మహాసభ గౌరవించడం వేరు, ఆరాధించడం వేరు అని తేల్చింది. ఆరాధన దేవునికే, పటానికిచ్చే గౌరవం ఆ పటంలో ఉన్నవారికి చేరుతుందని అక్కడి మాట. ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం మీ ఇష్టం, సంస్కరణ కాలంలో చాలామంది ఒప్పుకోలేదు. కానీ ధూపం పట్టుకున్నవారిని జాగ్రత్తగా గమనించండి. పటాల ముందు ఊపాక జనం వైపు తిరిగి మీ ముందు కూడా ఊపుతారు. మనిషి దేవుని స్వరూపంలో చేయబడ్డాడు కాబట్టి మీరూ ఒక పటమేనని అర్థం. దీనికి భయపడాల్సింది లేదు.

అన్యభాషల విషయంలో పౌలు ఇచ్చిన కొలత ఉంది, 1 కొరింథీయులు 14. కూటంలో మాట్లాడితే ఇద్దరు, మహా అయితే ముగ్గురు, వంతుల చొప్పున, అర్థం చెప్పేవారు ఉండాలి, లేకపోతే మౌనం. అందరూ కలిసి ఒకేసారి ప్రార్థించడాన్ని పెంతెకొస్తువారు వ్యక్తిగత ప్రార్థన కింద లెక్కగడతారు, కాబట్టి ఈ నియమం దానికి వర్తించదంటారు. ఇతరులు వర్తిస్తుందంటారు. మా అభిప్రాయంలో రెండోవారి వాదనే గట్టిది. ఎందుకంటే తెలియనివారు లోపలికొస్తే మిమ్మల్ని వెర్రివాళ్లనుకోరా అని 23వ వచనం అడుగుతోంది, మీరు వెళ్లింది సరిగ్గా ఆ స్థితిలోనే. అలాగని అక్కడి ప్రార్థన అంతా నటన అనుకుంటే మీరే నష్టపోతారు.

ప్రశ్న: మౌన ఆరాధనలో కూర్చున్నాను. గంటసేపు చిల్లర ఆలోచనలే.

జవాబు: అందరికీ అంతే. క్వేకర్ల కూటంలో గంట మౌనం, ఎవరికైనా ప్రేరణ కలిగితే లేచి రెండు మాటలు చెబుతారు, చివర కరచాలనంతో ముగుస్తుంది. అలవాటు లేనివారికి గంట ఎక్కువ. 1940లో ఫ్రాన్సులో మొదలైన తేజే సమాజం పద్ధతిలో జరిగే ప్రార్థనలతో మొదలుపెట్టండి. ఒకే చిన్న వాక్యాన్ని పదే పదే పాడి, మధ్యలో కొన్ని నిమిషాలే మౌనంగా ఉంటారు. ఆలోచన వచ్చినప్పుడు దానితో కొట్లాడకుండా అప్పుడే పాడిన వాక్యానికి తిరిగి రండి. ఎన్నిసార్లు తిరిగి రావాల్సి వచ్చినా అదే ప్రార్థన.

ప్రశ్న: అక్కడికి వెళ్లొచ్చాక మా చర్చి ఇంకా ఎండిపోయినట్టు కనిపిస్తోంది. మారిపోవాలా?

జవాబు: వెంటనే వద్దు. మేల్కొలిపిన ఇల్లే ఉండాల్సిన ఇల్లు కానక్కర్లేదు. వెస్లీ చచ్చేదాకా, అంటే 1791 వరకు, ఆంగ్లికన్ గురువుగానే ఉన్నాడు. తర్వాత పేరుపొందిన ఇంగ్లండు ప్రసంగీకుడు చార్లెస్ స్పర్జన్ సంగతి ఇంకా తమాషా. 1850 జనవరి 6న, పదిహేనేళ్ల వయసులో, మంచు తుఫానుకు దారి మళ్లి కోల్‌చెస్టర్‌లో ఒక ప్రిమిటివ్ మెథడిస్టు చాపెల్‌లో దూరాడు. యెషయా 45:22 మీద అక్కడ విన్న మాటతో మారాడు. కానీ మెథడిస్టుల్లో చేరలేదు. లేఖనం చదివి తేల్చుకుని ఆ మే నెలలో బాప్తిస్మం తీసుకుని బాప్తిస్టు అయ్యాడు. ఒకరు ఉన్నచోటే ఉన్నారు, ఒకరు మారారు గానీ ఏడుపొచ్చిన చోటికి కాదు, నమ్మిన బోధ ఉన్న చోటికి.

మూడు నెలలు గడువు పెట్టుకోండి. నెలకు ఒకసారి అక్కడికి, మిగతా ఆదివారాలు మీ చర్చికి. అక్కడ మీకు ఏది పని చేసిందో దాన్ని విడదీసి ఇంటికి తెచ్చుకోవడానికి ప్రయత్నించండి. పాఠం ముందే చదవడం పని చేసిందా? మీ చర్చిలోనూ చేయవచ్చు. మౌనం పని చేసిందా? పదిహేను నిమిషాలు ముందుగా వెళ్లి కూర్చోండి. బాధ్యతలేవీ లేకపోవడమే పని చేసిందా? అయితే కోశాధికారి పని ఆరు నెలలు ఇంకొకరికి అప్పగించండి. చాలామంది ఎండిపోయేది సంఘం వల్ల కాదు, పదేళ్లుగా ఒక్క ఆరాధనలోనూ కుదురుగా కూర్చోనివ్వని పని వల్ల.

ఇవన్నీ చేశాక కూడా మీరు నమ్మే బోధ మీ చర్చిలో లేదనిపిస్తే, లేక అక్కడ జరిగే అన్యాయాన్ని సరిదిద్దే దారే లేకపోతే, మారడానికి అవి తగిన కారణాలు. మారేటప్పుడు పాస్టర్ గారికి మీ నోటితో చెప్పండి. తాళాలు, లెక్కల పుస్తకాలు రసీదు తీసుకుని అప్పగించండి, సభ్యత్వ బదిలీ పత్రం అడగండి. చెప్పకుండా మాయమైతే మీ తర్వాత మాటలు మొదలవుతాయి, అవి ఇంట్లోవాళ్లకు తగులుతాయి.

ప్రశ్న: రెండోసారి వెళ్లగానే ‘చిన్నప్పటి బాప్తిస్మం చెల్లదు, వచ్చే వారమే తీసుకోండి, ఇంట్లో ఇప్పుడే చెప్పకండి’ అన్నారు. ఏం చేయను?

జవాబు: ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి. శిశు బాప్తిస్మాన్ని అంగీకరించకపోవడం బాప్తిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల పాత సిద్ధాంతమే, దానిలో మోసం లేదు. కతోలిక, ఆర్థడాక్స్, లూథరన్, ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు బాప్తిస్మం ఒక్కసారే అంటాయి. రెండు వైపుల వాదనలూ చదివి తేల్చుకోవడానికి కనీసం కొన్ని నెలలు పడుతుంది. ‘వచ్చే వారమే’, ‘ఇంట్లో చెప్పకండి’ అన్నవి మాత్రం సిద్ధాంతం కాదు, ఒత్తిడి. బెరయ పట్టణంలోనివారు పౌలు చెప్పినదాన్నే లేఖనాలతో సరిచూసుకున్నారు (అపొస్తలుల కార్యములు 17:11), ఆయన తొందరపెట్టలేదు. సమయం కావాలని చెప్పండి. ఇచ్చారా, ఇంకా మాట్లాడవచ్చు. మొహం మాడ్చుకుంటే, కానుక గురించీ బంధువులతో తెగతెంపుల గురించీ మాటలు మొదలైతే, మళ్లీ వెళ్లకండి. ఇంట్లో ఈరోజే చెప్పండి.

ప్రశ్న: పాటలు ఒక్కటీ రాకపోతే?

జవాబు: మొదటి చరణం వినండి, రెండో చరణం చదవండి, మూడోదానికి పల్లవి అందుకోవచ్చు.